ఎండ వేసిన రంగు

జనగామ నుంచి మానుకోట పోయే పన్నెండు గంటల బస్సు ఎక్కినవాళ్లకు డ్రైవర్ నారాయణ మొహం గుర్తుండకపోయినా, ఆయన చేతి గడియారం మాత్రం గుర్తుండేది. సర్కారు కాగితాల్లో మహబూబాబాద్ అని రాస్తారు గానీ ఆ దారిన తిరిగేవాళ్లకు అది ఎప్పుడూ మానుకోటే. లోకమంతా గడియారాన్ని ఎడమ చేతికి కట్టుకుంటే నారాయణ కుడి చేతికి కట్టుకునేవాడు. ఎడమ చెయ్యి గేరు రాడ్డుది. ఆ రాడ్డు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతూనే ఉంటుంది, ఆ వణుకుడుకు ఏ గడియారమూ ఏడాది బతకదని ఆయన వాదన. కుడి చెయ్యి కిటికీది. మోచెయ్యి కిటికీ మీద ఆనించి, మణికట్టును ఎండకు వదిలేసి, మూడు గంటల దారీ అట్లాగే నడిపేవాడు.

కొన్నప్పుడు ఆ గడియారం మొహం కాటుక నలుపు. ఖాకీ చొక్కా పొడుగు చేతులను నారాయణ ఎన్నడూ మడవడు కాబట్టి, చొక్కా అంచు గడియారాన్ని సగం కప్పి సగం వదిలేసేది. పన్నెండుకు బయల్దేరితే మానుకోట చేరేదాకా సూర్యుడు కుడివైపే. ఏళ్లు గడిచేసరికి ఏడు నుంచి పదకొండు దాకా ఉన్న భాగం బెల్లం రంగుకు తిరిగింది. ఒంటిగంట నుంచి అయిదు దాకా నలుపు నలుపుగానే ఉంది. మధ్యలో గీత గీసినట్టు కూడా ఉండదు. నలుపు ఎక్కడ అయిపోయిందో, బెల్లం ఎక్కడ మొదలైందో ఎంత కళ్లు చికిలించినా తెలిసేది కాదు.

టికెట్ కోసం కండక్టర్‌తో తగువు పెట్టుకున్నవాళ్లు సైతం దిగబోతూ “నారాయణన్నా, టైమెంతైంది?” అని అడిగేవాళ్లు. టైముతో వాళ్లకేం పని? చెయ్యి తిప్పి చూపిస్తాడని, అంతే. తోటి డ్రైవర్లు అట్లాంటి రంగు కావాలని తమ గడియారాలను డాబా మీద ఎండబెట్టారని కూడా చెప్పుకునేవాళ్లు. అవి రంగు మారలేదు, ఒకటి ఆగిపోయింది.

ఇంకొకటి ఉంది. ఎనిమిది అంకె పక్కన నూక గింజంత పెచ్చు లేచిపోయి కింది ఇత్తడి కనిపించేది. ఆ పెచ్చు ఎట్లా లేచిందో తెలిసినవాడు భూమ్మీద ఒక్కడేనని నారాయణ తమ్ముడు వెంకట్రాం పదమూడేళ్లు నమ్మాడు. ఆ ఒక్కడు తానే.

అరవై తొమ్మిదిలో వెంకట్రాంకు పద్దెనిమిదేళ్లు. నాయిన చిన్నప్పుడే పోతే అన్నే పెంచి, జనగామలో గది చూసిపెట్టి కాలేజీలో చేర్చాడు. ఆ ఏడు చదువు ఎవడు చదివాడు గనక. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతబడ్డాయి, రోజూ ఊరేగింపే. రైల్వే గేటు దగ్గర రోడ్డు మీద కూర్చున్న గుంపులో వెంకట్రాం ముందు వరసలో ఉన్నాడు. ఒక బస్సు వచ్చింది. అద్దం మీద ఎండ పడి లోపల ఎవరున్నదీ కనిపించలేదు. గుంపు లేచింది, కేకలు లేచాయి. డ్రైవర్ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు. బెదిరిస్తున్నాడనుకున్నాడు వెంకట్రాం. చేతిలో రాయి ఉంది, విసిరాడు. చెయ్యి చటుక్కున లోపలికి పోయింది. బస్సు పక్కకు తిరిగినప్పుడు కిటికీలో అన్న మొహం కనిపించింది.

అందరితో పాటు పరుగెత్తాడు. ఎటు పరుగెత్తాడో ఇప్పటికీ గుర్తు లేదు.

మర్నాడు నారాయణ గదికి వచ్చాడు. మణికట్టుకు గుడ్డ కట్టుకుని, ఎడమ చేత్తో సద్ది గిన్నె పట్టుకుని. “ఎవడో పోరడు రాయిసిరిండు. గడియారం అడ్డమొచ్చింది గనుక ఎముక బతికింది” అన్నాడు. తమ్ముడి వైపు కాదు, గిన్నె వైపు చూస్తూ అన్నాడు. వెంకట్రాం తలూపి గిన్నె మూత తీశాడు. జొన్న రొట్టె, పచ్చిపులుసు. తిన్నాడు. అప్పుడు చెప్పాల్సింది, చెప్పలేదు. రేపు చెబుతాననుకున్నాడు. రేపు అనుకున్నవాడు పదమూడేళ్లు ఆగుతాడు, అందులో వింత లేదు.

నారాయణ గడియారానికి కొత్త అద్దం వేయించుకున్నాడు గానీ పెచ్చు జోలికి పోలేదు. ఆ తర్వాత వెంకట్రాం డిగ్రీ చదివి, మానుకోటలో సర్కారు ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. అన్న బస్సులోనే ఎన్నోసార్లు వచ్చాడు, పోయాడు. ఊళ్లోవాళ్లంతా నారాయణను టైము అడిగేవాళ్లు, వెంకట్రాం మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. ఎండా నీడా చూసుకుని, లేకపోతే పక్కవాణ్ణి అడిగి, ఎట్లాగో గడుపుకున్నాడు.

ఎనభై రెండు వేసవిలో నారాయణ పోయాడు. చివరి మూడేళ్లు ఆయన బండి హనుమకొండ నుంచి భూపాలపల్లికి తిరిగింది. పొద్దుటి బస్సు కాబట్టి అక్కడ కూడా ఎండ కుడివైపే. ఆ రోజు రేగొండ దాటగానే బండిని రోడ్డు పక్కకు తీసి, హ్యాండ్ బ్రేకు లాగి, కండక్టర్ ముత్తయ్యతో “జర ఆగుదాం ముత్తన్నా” అన్నాడట. అంతే. నలభై మంది ప్రయాణికుల్లో ఒక్కరికి గోరు కూడా విరగలేదు.

భూపాలపల్లి దవాఖాన వరండాలో ముత్తయ్య ఒక చేతి రుమాలు మూట వెంకట్రాం చేతిలో పెట్టాడు. విప్పి చూస్తే గడియారం, తిరుగుతూనే ఉంది. వెంకట్రాం దాన్ని మళ్లీ మూట కట్టి జేబులో వేసుకున్నాడు. గోడ మీద సున్నం పెచ్చులూడి ఉంది. ఆ పెచ్చులను ఒక్కొక్కటీ చూస్తూ నిలబడ్డాడు. ఏడుపు రాలేదు. శవాన్ని జనగామ పక్కన వాళ్ల ఊరికి తెచ్చినప్పుడు రాలేదు, నారాయణకు పిల్లలు లేరు కనుక తానే కొరివి పెట్టినప్పుడూ రాలేదు. ఎవరో చెయ్యి పట్టి నడిపిస్తే నడిచాడు, నీళ్లు పొయ్యమంటే పోశాడు. చూసినవాళ్లు “గట్టి గుండె” అన్నారు. గట్టి కాదు, మొద్దు. పళ్ల డాక్టరు సూది వేసిన దవడ లాగా, అక్కడేదో ఉందని తెలుస్తుంది గానీ గిల్లినా నొప్పి లేదు.

మూడో రోజు వదినె రుక్మిణి పిలిచింది. “పదకొండో నాడు పిట్టకు పెట్టేటప్పుడు మీ అన్న గడియారం గూడ పెట్టాలె. ఆయన పానం దాని మీదనే ఉండె. తర్వాత నువ్వు కట్టుకో, నీకే గద” అంది.

“సరే వదినె” అన్నాడు.

నువ్వు కట్టుకో అన్న మాట ఒక్కటే ఆ మొద్దుతనంలోకి కొంచెం దిగింది. అంటే ఇకనుంచి రోజూ, టైము చూసుకున్న ప్రతిసారీ, ఎనిమిది పక్కన తన రాయి. అన్న కన్నైతే మూసుకుంది గానీ ఆ ఇత్తడి కన్ను మూసుకోలేదు. అది పోవాలి. దాని మీద ఇంత రంగు పడాలి. అది పోతే అన్న ఏమీ తెలియకుండానే పోయాడన్న నమ్మకంతో మిగతా బతుకు వెళ్లదీయొచ్చు.

కర్మకు ముందు సరుకుల కోసమని చెప్పి మానుకోట వెళ్లాడు. స్టేషన్ రోడ్డులో దేవదాసు అని గడియారాలు బాగు చేసే ఆయన ఉండేవాడు. గాజు పెట్టె వెనక, కంటికి నల్ల గొట్టం బిగించుకుని కూర్చునే మనిషి. గడియారం చేతికిస్తే ఆ గొట్టంలోంచి చాలాసేపు చూశాడు.

“మిషిన్ బంగారం లెక్క ఉన్నది సారూ. దీనికేం చెయ్యాలె?”

“మొహం కొత్తగ చెయ్యాలె. రంగు ఏసి, అంకెలు రాసి, చుట్టూ పాలిషు పట్టాలె. కొన్ననాటి లెక్క ఉండాలె.”

దేవదాసు గొట్టం తీసి చేతిలో పట్టుకున్నాడు. “సారూ, కోపానికి రాకుండ్రి. గీ రంగు నేను ఏస్తనంటే రాదు. మా గురువు ఏసినా రాదు. గిది ఎండ తీరిగ్గ ఏసింది. గిసొంటిది ఇంకోటి నేను సూడలే. గట్లనే ఉంచుకోరాదు?”

“వద్దు.”

“పోనీ, గీ పెచ్చు మటుకు లప్పంతోని పూడ్చనా?”

“అంతా గోకెయ్యి” అన్నాడు వెంకట్రాం. తన గొంతు తనకే వేరేవాళ్లదిగా వినిపించింది. ఆఫీసులో ఫైలు వెనక్కి కొట్టేటప్పుడు వచ్చే గొంతు అది.

దేవదాసు గొట్టం మళ్లీ కంటికి బిగించుకున్నాడు. నాలుగు రోజులకు పని పూర్తిచేసి ఇచ్చాడు. పనితనానికి వంక పెట్టే పని లేదు. మొహం కాటుక నలుపు, అంకెలు ముత్యాల్లా ఉన్నాయి, చుట్టూ స్టీలు అద్దంలా మెరుస్తోంది. ఎనిమిది పక్కన ఏమీ లేదు. “అసల్ పెయింట్ సారూ” అన్నాడు దేవదాసు, ఈసారి కొంచెం గర్వంగానే. “నిప్పులల్ల పెట్టినా రంగు పోదు. పదేండ్లు గ్యారంటీ.”

పదకొండో నాడు పొద్దున్నే అందరూ పొలం దగ్గరికి పోయారు. బావి గట్టు మీద మోదుగాకు విస్తరిలో అన్నం, కోడికూర, గారెలు, పక్కన ముంతలో కల్లు, ఒక బీడీ కట్ట. పోయినవాడికి ఏవి ఇష్టమో అవన్నీ పెట్టి పక్కకు జరుగుతారు. పిట్ట వచ్చి ముట్టుకుంటే ఆయన తృప్తిగా పోయినట్టు. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. వెంకట్రాం జేబులోంచి గడియారం తీసి విస్తరి అంచున పెట్టి వచ్చి నిలబడ్డాడు.

కాకులకు కొదవ లేదు. బోరు మోటారు తీగ మీద అయిదారు కూర్చుని ఉన్నాయి. ఒకటి కిందికి దిగబోయి, గట్టు దాకా వచ్చి, టపటపా రెక్కలు కొట్టుకుంటూ మళ్లీ పైకి లేచింది. ఇంకొకటీ అంతే. అరగంట గడిచింది, గంట గడిచింది. కూర మీద ఈగలు చేరాయి.

“పొలం పడావు పెట్టమే నారాయణా, ఏటేటా దున్నుతమే, రా” అన్నాడొకడు.

“నీ పెండ్లాన్ని కంట్ల పెట్టుకోని సూసుకుంటం, రా నాయినా” అంది ఇంకొకామె.

మేనత్త యాకమ్మ వెంకట్రాం భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడకు ఎనభై దాటాయి, చూపు ఆనదు, అయినా మనిషిని పట్టుకుంటే వదలదు. “నీ కోసమే సూస్తున్నడు కొడుకా. పెంచినోడాయె. ఏమన్న మనసుల పెట్టుకున్నవేమో, చెప్పుకో. పోయినోడు ఇంటడు.”

ఇంతకన్నా తలుపు ఎవరూ బార్లా తెరవలేరు. వెంకట్రాం నోరు తెరిచాడు. “వదినెను మంచిగ సూసుకుంట” అన్నాడు. అది అబద్ధం కాదు. కానీ అత్త అడిగింది అది కాదు, ఆ సంగతి తనకు తెలుసు.

కాకులు కదల్లేదు. ఇంతలో ముత్తయ్య, ఆ ఉదయమే భూపాలపల్లి నుంచి బస్సులు మారి వచ్చినవాడు, చెయ్యి అడ్డం పెట్టుకుని విస్తరి వైపు చూశాడు. “గా గడియారం తళతళ మెరుస్తాంది. పిట్టలు బెదురుతున్నయి. దాన్ని తియ్యిండ్రి” అన్నాడు.

నిజమే. పొద్దెక్కిన కొద్దీ ఆ పాలిషు మీద ఎండ పడి కళ్లు మిరుమిట్లు గొలుపుతోంది. వెంకట్రాం పోయి గడియారం తీసుకుని వెనక్కి తిరిగాడో లేదో, ఒక కాకి దిగి కోడిముక్క నోట కరుచుకుంది. వెనకే మిగతావి దిగాయి. “ముట్టింది, ముట్టింది” అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆకలి మీదున్నారేమో, గబగబా ఇంటి దారి పట్టారు. నీ గడియారం తీస్తే గానీ తినలేదన్న మాట ఎవరూ అనలేదు. అనకపోయినా అది వెంకట్రాం చెవిలో పడింది.

రుక్మిణి మాత్రం ఆగి చెయ్యి చాపింది. గడియారం అరచేతిలో పెట్టుకుని ఇటు తిప్పింది, అటు తిప్పింది, వెనక్కి తిప్పి చూసింది.

“గిదెవ్వరిది?”

“అన్నదే వదినె. బాగు చేయించిన.”

“ఏమైందని బాగు చేయిస్తివి? మంచిగనే నడువవట్టె గద.” చీర కొంగుతో అద్దం తుడిచింది, రంగు అద్దం మీద ఉందేమోనన్నట్టు. “బెల్లం రంగేదీ? ఎనిమిది కాడి మచ్చేదీ?”

“కొత్త రంగు ఏయించిన. పిట్ట ముందట పెట్టేది గద, మంచిగుండాలెనని.”

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. “మంచిగనే ఉన్నది” అంది, పక్కింటివాళ్ల కొత్త గిన్నె చూసి అన్నట్టు. “నువ్వే కట్టుకో. నాకు గుర్తువడ్తలేదు.” చేతిలో పెట్టేసి పోయింది.

భోజనాలయ్యాక ముత్తయ్యను బస్సు ఎక్కించడానికి వెంకట్రాం రోడ్డు దాకా వచ్చాడు. పన్నెండు గంటల బస్సే. వేపచెట్టు నీడన నిలబడ్డారు. ముత్తయ్య బీడీ ముట్టించుకుని, వెంకట్రాం చేతి వైపు చూసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“ఎందుకు గోకిస్తివి తమ్మీ? గది నీ గుర్తేనాయె.”

వెంకట్రాం ఆ చేతిని వెనక్కి పెట్టుకున్నాడు.

“ఆయన పక్కన పదిహేనేండ్లు బండిల తిరిగిన. నువ్వు బండిల లేనప్పుడు గడియారం రంగు గురించి ఎవ్వరడిగినా ఒక్కటే చెప్పెటోడు. ‘గీ సగం ఎండ ఏసింది. గీ ఎనిమిది కాడిది మాత్రం మా తమ్ముడేసిండు’ అని. ఏందో పతకం చూపిచ్చినట్టు చూపెట్టెటోడు.”

“అన్నకు తెలుసా?” అడిగాడు వెంకట్రాం.

“తెల్వకేంది? ఆ దినం బండిల నేనే ఉంటి. గుంపును చూస్తే బండి ఆపొద్దని మా పెద్దసార్లు చెప్పిండ్రు. ఈయన బ్రేకేసిండు. ఎందుకాపినవే అంటే, ‘ముందట మా వెంకట్రాం ఉన్నడు’ అని చెయ్యి బైట పెట్టి, పక్కకు జరుగు పక్కకు జరుగు అని ఊపుతుండు. గప్పుడు తాకింది రాయి.”

రోడ్డు మీద దూరంగా దుమ్ము లేచింది. బస్సు ఇంకా కనిపించడం లేదు.

“నాకెందుకు చెప్పలే?” అన్నాడు వెంకట్రాం.

“నేను గూడ అడిగిన. ‘వానంతట వాడు చెప్తడు తియ్యి ముత్తన్నా. చెప్పిన దినం గీ గడియారం తీసి వాని చేతికి కడ్త’ అన్నడు. ఒక్కొక్కపాలి నవ్వెటోడు. ‘గమ్మతి పోరడు, ఇన్నేండ్లాయె, నన్ను టైమెంత అని అడగడు’ అని.”

బస్సు వచ్చింది. ముత్తయ్య ఎక్కాడు. వెంకట్రాం చెట్టు కిందే నిలబడిపోయాడు. పదకొండు రోజుల్లో మొదటిసారి ఏడవాలనిపించింది. నోరు వంకరపోయింది, ఛాతీ ఎగిసింది, కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి. సిగ్గుగా అనిపించింది. చుట్టూ చూస్తే ఎవరూ లేరు. అప్పుడు కూడా సిగ్గు పోలేదు.

ఆ మర్నాడే మానుకోట పోయి దేవదాసు గాజు పెట్టె ముందు నిలబడ్డాడు. “పాత మొహం ఇయ్యి” అన్నాడు.

“ఏ పాత మొహం సారూ? రేకు గదే గద. గోకి, దాని మీదనే ఏసిన.”

“గోకిన పొడి ఉన్నదా?”

దేవదాసు ఆయన మొహం చూసి వేళాకోళం కాదని గ్రహించాడు. బల్ల కింద చూశాడు, చీపురు పుల్లలు దులిపాడు. “నేను అప్పుడే చెప్పిన” అని ఊరుకున్నాడు. ఆ ఒక్క మాటా అనకుండా ఉండటం ఎవరికైనా కష్టమే.

వెంకట్రాం అప్పటినుంచి గడియారాన్ని కుడి చేతికి కట్టుకుంటున్నాడు. చొక్కా చేతులు పొడుగువి కుట్టించుకుని, గుండీ పెట్టుకుని, అంచు సగానికి వచ్చేటట్టు చూసుకుంటాడు. ఆఫీసులో పనంతా నీడలోనే కాబట్టి, మధ్యాహ్నం అన్నాల వేళ వరండాలో కుర్చీ వేసుకుని చేతిని ఎండలో పెట్టి కూర్చుంటాడు. “సారు ఒడియాలు ఎండవెడ్తున్నడు” అని బంట్రోతులు నవ్వుకుంటారు. ఆదివారాలు జనగామ బస్సు ఎక్కి, కుడివైపు కిటికీ చూసుకుని, చెయ్యి బయట పెట్టుకుంటాడు. ఊళ్లో దిగి, వదినె ఇంట్లో పొలం పనులు అడిగి, తిరుగు బస్సులో కూడా కుడివైపే కూర్చుంటాడు. తోటి ప్రయాణికులు అప్పుడప్పుడు టైమెంతని అడుగుతారు, చెబుతాడు. రుక్మిణి అడగదు.

నాలుగు వేసవులు పోయాయి. ఆయన మణికట్టు నల్లబడింది. గడియారం మాత్రం ఒంటిగంట నుంచి పన్నెండు దాకా కాటుక నలుపుతో కొన్ననాటి లాగానే ఉంది. దేవదాసు మాట తప్పే మనిషి కాదు. గ్యారంటీ ఇంకా ఆరేళ్లుంది.